ఎక్స్‌రే తీసేవాళ్లది ఉత్త బటన్ నొక్కే పని కాదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎక్స్‌రే తీసేవాడు నెలలో పని నేర్చుకుని బటన్ నొక్కుతాడట. రిపోర్టు మెషీనే ఇచ్చేస్తుందట. అన్నీ తెలిసినా కమీషన్ కోసం నోరు విప్పడట. ఈ మూడు మాటలూ తప్పే.

ముందు ఆ నెల రోజుల సంగతి. ఇంటర్ తర్వాత రెండేళ్ల డిప్లొమానో, మూడు నాలుగేళ్ల డిగ్రీనో చదివితేనే రేడియోగ్రాఫర్, అంటే ఎక్స్‌రే తీసేవాళ్లు, అవుతారు. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు రొమ్ము పలకకు ఆనించమంటారు, భుజాలు ముందుకు తిప్పమంటారు, నిండా గాలి పీల్చి బిగబట్టమంటారు. ఊరికే కాదు. మంచం మీద పడుకోబెట్టి ముందువైపు నుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. గాలి సరిగా పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగున లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. టీబీ అనుమానంతో కొండ దిగి వచ్చిన మనిషికి ఆ తేడా చిన్నదా? కడుపుతో ఉన్నారేమో అడగడం, అవసరమైనంత రేడియేషనే వాడడం కూడా వాళ్ల బాధ్యతే. వాళ్ల చొక్కాకు ఉండే చిన్న బ్యాడ్జీ ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కగడుతుంది. మన దేశంలో ఆ రేడియేషన్ ఏ ఏడాదీ 30 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత) దాటకూడదు.

రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు ఎండీ చదివిన డాక్టరు. చిన్న ఊళ్లలో ఆయన ఎదురుగా ఉండకపోవచ్చు. ఫిల్మ్ నెట్‌లో వేరే ఊరికి వెళ్లి రిపోర్టు వెనక్కి వస్తుంది, అందుకే మెషీన్ ఇచ్చిందనుకుంటారు. టీబీ స్క్రీనింగ్‌లో ఎక్స్‌రే చూడడానికి కంప్యూటర్ సాయం తీసుకోవచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పిన మాట నిజమే. అయినా జబ్బు ఖాయం చేసేది కళ్లె పరీక్షలే.

ఇక కమీషన్. పేషెంట్లను పంపినందుకు డబ్బు పుచ్చుకునే జాడ్యం ఉంది, కాదనను. కానీ "బాబూ, ఏటి కనబడింది?" అని అడిగితే రేడియోగ్రాఫర్ చెప్పకపోవడానికి కారణం అది కాదు. జబ్బు తేల్చే అధికారం తనకు లేదు. "ఏం లేదులే" అన్న ఒక్క మాట నమ్మి ఎవరైనా రిపోర్టు తీసుకోకుండా గుణుపురం బస్సెక్కేస్తే? కడుపుతో ఉన్నవాళ్ల స్కానింగ్‌లో అయితే స్కానింగ్ పరికరం పట్టుకోవాల్సిందే అర్హత ఉన్న డాక్టరు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఉన్న నియమం అది.

కాబట్టి రేడియోగ్రాఫర్‌ను నిలదీయకండి. రిపోర్టు కింద డాక్టరు పేరు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే అక్కడే అడగండి.