ఏడీహెచ్‌డీ: ‘ఇష్టమైతే చేస్తాడు’ అనే వాదనలోని పొరపాటు

ధ్యాసను, అతిచురుకుదనాన్ని, తొందరపాటును అదుపు చేసుకోవడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉన్న పిల్లల గురించి పెద్దలు చెప్పే ఫిర్యాదుల్లో తరచుగా వినిపించేది ఒకటుంది: ‘ఇష్టమైనదైతే గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటాడు, పుస్తకం ముందు పెడితే మాత్రం ఐదు నిమిషాలు ఉండలేడు.’ వీడియో గేమ్ మీద నిలిచే ధ్యాస లెక్కల మీద ఎందుకు నిలవదని, నిలవడం లేదంటే అది బద్ధకమో మొండితనమో అయి ఉండాలని వారి వాదన. వినడానికి సబబుగానే తోచే ఈ వాదన వల్ల ఆ పిల్లలకు జరిగినంత అన్యాయం బహుశా మరి దేనివల్లా జరగలేదు. ఎందుకంటే పెద్దలు మొండితనానికి సాక్ష్యంగా చూపే ఆ తేడాయే ఈ సమస్యకు ప్రధాన లక్షణాల్లో ఒకటి.

ఈ పిల్లల్లో ధ్యాసకు కరువు ఉండదు. దాన్ని అవసరమైన చోటికి మళ్లించడం, విసుగు పుట్టినా అక్కడే నిలపడం, పని అయ్యాక వెనక్కి తీసుకోవడం వారి చేతిలో పూర్తిగా ఉండదు. ఆటలో క్షణక్షణానికీ ఏదో ఒక ఫలితం కనిపిస్తుంది: ఒక పాయింటు, ఒక శబ్దం, ఒక కొత్త దృశ్యం. భాగహారం లెక్కకు ఫలితం టీచరు నోటుబుక్కు దిద్దినప్పుడో, పరీక్షలు ముగిశాకో గానీ రాదు. ఎప్పుడో రాబోయే ఫలితం కోసం ఇప్పటి విసుగును ఓర్చుకునే శక్తి పిల్లలందరిలోనూ తక్కువే. వీరిలో అది వయసుకు తగినంతగా కూడా ఉండదు. మెదడులో డోపమైన్, నోర్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాల ద్వారా నడిచే వ్యవస్థలకు దీనితో సంబంధం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆట ముందు కదలకుండా కూర్చున్న పిల్లవాడు తన ధ్యాసను తానే నిలుపుకుంటున్నాడని అనుకోలేం. ఆ ఆట అతన్ని పట్టి ఉంచుతోంది. మధ్యలో ఆపి భోజనానికి రమ్మన్నప్పుడు జరిగే గొడవను చూసిన తల్లిదండ్రులకు ఈ సంగతి అనుభవంలో ఉన్నదే.

హోంవర్క్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా గమనిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఎనిమిది కూడికలు ఇచ్చారనుకుందాం. మొదటి రెండూ సరిగ్గా చేస్తాడు. మూడోదానిలో పదుల స్థానానికి తేవలసిన ఒకటిని మరిచిపోతాడు. నాలుగో లెక్క మధ్యలో పెన్సిల్ మొన విరుగుతుంది. షార్ప్‌నర్ వెతకడానికి లేచి, దారిలో కనిపించిన బొమ్మ దగ్గర ఆగి, తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపాడో గుర్తుండదు. మొదటి రెండూ వచ్చాయి గనుక మిగతావీ వచ్చి తీరాలని, తప్పులన్నీ నిర్లక్ష్యమేనని పక్కన కూర్చున్న పెద్దవారు తేల్చేస్తారు. నిజానికి ఇక్కడ లోపించింది తెలివి కాదు. చేస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచే వర్కింగ్ మెమరీ చేజారుతోంది. ‘బ్యాగు లోపల పెట్టి, చేతులు కడుక్కుని, డైరీ తీసుకురా’ అని ఒక్క గుక్కలో చెప్పిన మూడు పనుల్లో మొదటిది మాత్రమే జరగడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. పైగా రోజుకో తీరు. నిన్న పేజీ మొత్తం తప్పు లేకుండా చేసినవాడు ఈరోజు మూడో లెక్క దాటడు. ఎప్పుడూ రాకపోవడాన్ని టీచర్లు అర్థం చేసుకోగలరు. ఒకరోజు వచ్చి మరొకరోజు రాకపోవడాన్ని మాత్రం ఎవరూ క్షమించరు.

ఈ కఠినత్వానికి పాత చరిత్రే ఉంది. 1902లో లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్, తెలివితేటలు మామూలుగానే ఉండి తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, దాన్ని నైతిక నియంత్రణలోని లోపంగా వర్ణించాడు. పెంపకం సరిగ్గా లేకపోవడం వల్లే అలా అవుతున్నారని ఆయన అనలేదు; శరీరంలోనే కారణం ఉండవచ్చని ఊహించాడు. ఆ ఊహను తర్వాతి పరిశోధనలు బలపరిచాయి. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం పిల్లల మధ్య ఈ లక్షణాల్లో కనిపించే తేడాల్లో దాదాపు 70 నుంచి 80 శాతం వంశపారంపర్య కారణాలతో ముడిపడి ఉంది. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదళ్లను స్కాన్ చేసి పోల్చినప్పుడు, మెదడు పైపొరలో సగం భాగం గరిష్ఠ మందాన్ని చేరే మధ్యస్థ వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్లు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 10.5 ఏళ్లుగా తేలింది. ఆలోచనను, ధ్యాసను అదుపు చేసే ముందుభాగంలో ఈ జాప్యం ఎక్కువ. ఇవి సమూహాల సగటు లెక్కలు. ఒక్క పిల్లవాడి స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. చక్కెర తినడం వల్ల పిల్లలు ఇలా అవుతారన్న నమ్మకాన్ని మాత్రం నియంత్రిత ప్రయోగాలు సమర్థించలేదు.

రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ తేల్చలేనప్పుడు నిర్ధారణ అంతా పరిశీలన మీదే ఆధారపడుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన, మానసిక రుగ్మతలను నిర్ధారించే గ్రంథం డీఎస్‌ఎం-5లోని ప్రమాణాల ప్రకారం ధ్యాస తప్పడానికి సంబంధించిన 9 లక్షణాల్లో గానీ, అతిచురుకుదనం, తొందరపాటులకు సంబంధించిన మరో 9 లక్షణాల్లో గానీ కనీసం ఆరు లక్షణాలు, ఆరు నెలలకు తక్కువ కాకుండా కనిపించాలి. వాటిలో కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లో ఒక్కచోటే కాకుండా కనీసం రెండు చోట్ల కనబడుతూ, చదువుకో స్నేహాలకో అడ్డుపడుతూ ఉండాలి. నిద్ర చాలకపోవడం, వినికిడి లోపం, ఆందోళన, చదవడంలో ప్రత్యేక ఇబ్బంది, క్షణకాలం స్పృహ తప్పించే ఒక రకం మూర్ఛ కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి వాటినీ పరిశీలించాలి. పది నిమిషాల్లో ఒక ప్రశ్నపత్రం నింపించి ముగించే పని కాదిది.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకే తరగతిలో వయసులో అందరికంటే చిన్నవారికి ఈ నిర్ధారణ ఎక్కువగా జరుగుతోందని పలు దేశాల్లో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే దాదాపు ఏడాది చిన్నవాడి సహజమైన అపరిపక్వతను కొన్నిసార్లు రుగ్మతగా లెక్కకడుతున్నాం. మరోవైపు, అల్లరి చేయకుండా కిటికీ వైపు చూస్తూ పాఠం మొత్తం జారవిడుచుకునే అమ్మాయి ఎవరి కంటా పడదు. అబ్బాయిల్లో నిర్ధారణ ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. పిల్లలు పడుతున్న ఇబ్బందిని కాకుండా వారు పెద్దలకు కలిగించే ఇబ్బందిని మనం కొలుస్తున్నాం.

మందుల విషయంలో భయమూ, అతినమ్మకమూ రెండూ ఉన్నాయి. 1937లో అమెరికా వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజపరిచే మందు ఇచ్చినప్పుడు కొందరు పిల్లలు బడిపనిలో కుదురుకోవడం గమనించాడు. ఇప్పుడు విస్తృతంగా వాడే మిథైల్‌ఫెనిడేట్ ఆ కోవలోదే. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, ఎదుగుదల కొంత నెమ్మదించడం వంటి ఇబ్బందులుంటాయి కాబట్టి బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తూ ఉండాలి. 1999లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 579 మంది పిల్లలను 14 నెలలపాటు గమనించారు. ప్రధాన లక్షణాలను తగ్గించడంలో జాగ్రత్తగా సర్దుబాటు చేసిన మందులు బిహేవియర్ థెరపీ (ప్రవర్తనను మార్చే శిక్షణ) కంటే ఎక్కువ పనిచేశాయి. అయితే మూడేళ్ల నాటికి ఆ తేడా కనిపించలేదు. ఆరేళ్లలోపు పిల్లలకైతే మొదట తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలన్నది అమెరికా పిల్లల వైద్యుల సంఘం సిఫారసు.

ఆ శిక్షణలో చెప్పేవి దూరపు ఫలితాన్ని దగ్గరికి తెచ్చే పద్ధతులు. ఎనిమిది లెక్కలను రెండేసి చొప్పున విడగొట్టి, ప్రతి రెండింటికీ అప్పటికప్పుడే మెచ్చుకోవాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. గుర్తుంచుకోవలసినదాన్ని కళ్లెదుట రాసి ఉంచాలి. వారాంతంలో ఇస్తామన్న పెద్ద బహుమతి కన్నా ఈ నిమిషంలో దక్కే చిన్న ప్రశంస ఎక్కువ పనిచేస్తుంది. హోంవర్క్ పూర్తి చేయలేదని ఆటల పీరియడ్ రద్దు చేయడం బళ్లలో మామూలైపోయిన శిక్ష. కదలకుండా ఉండలేని పిల్లవాడికి రోజంతటిలో దొరికే కాస్త వెసులుబాటునూ అది లాగేసుకుంటుంది.

ఈ పద్ధతులన్నీ తప్పకుండా రోజూ అమలుచేసే ఓపిక, క్రమం ఇంట్లో ఉండాలి. వంశపారంపర్యం ఇంత బలంగా ఉన్న సమస్యలో ఆ తల్లికో తండ్రికో కూడా చిన్నప్పటి నుంచీ ఇదే ఇబ్బంది ఉండి, ఎవరూ గుర్తించకుండానే పెద్దయి ఉండే అవకాశం తక్కువేమీ కాదు. పిల్లవాడి కోసం దినచర్య పట్టిక గీయమని చెప్పే ముందు, వారి బాల్యం గురించి, వారి చదువు ఎలా సాగిందన్న దాని గురించి కూడా డాక్టరు అడిగి తెలుసుకోవడం అవసరం.