గీత చెరిపి కట్టిన ఊరు

దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ కొండలు దాటి ఉత్తరానికి వెళ్తే, మారీ ఊరు ఇంకా రాకముందే ఫరీనా శిథిలాలు కనిపిస్తాయి. పైకప్పులు లేని రాతి గోడలు, ఎర్రమట్టి, అక్కడక్కడా బూడిద రంగు ఉప్పు పొదలు. ఎడారి ఊరిని మింగేసిందని సందర్శకులు నిట్టూరుస్తారు. నాకైతే ఇందులో ఎడారి తప్పేమీ కనిపించదు. ఆ నేల పంటకు పనికిరాదని సర్కారుకు ముందే తెలుసు.

చెప్పింది సర్కారు సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్డరే. 1865లో కరవు ఎంతదూరం పాకిందో తేల్చడానికి ఆయన గుర్రమెక్కి బయల్దేరాడు. ఆ లోతట్టు ప్రాంతాల్లో నమ్మదగ్గ వర్షపాతం లెక్కలు అప్పటికి లేవు. అందుకే ఆయన మొక్కల్ని చూశాడు. మాలీ అనే పొట్టి యూకలిప్టస్ ఎక్కడ పల్చబడి, ఎండు నేలల్లో బతికే ఉప్పు పొద ఎక్కడ మొదలవుతోందో గమనించి మ్యాప్ మీద గీత గీశాడు. గీతకు దక్షిణాన సేద్యం, ఉత్తరాన గొర్రెల మేత. ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల వాన పడే హద్దుకు అది దగ్గరగా ఉందని తర్వాత తేలింది. మొక్కల సాక్ష్యంతో అంత కచ్చితంగా గీయడం మామూలు విషయం కాదు.

1872 చట్టం వాయిదాల మీద భూమి అమ్మకాన్ని ఆ గీత దగ్గరే ఆపింది. ఈలోగా వానలు బాగా పడ్డాయి. నాగలి వెళ్లిన చోటికి వాన వెనకాలే వస్తుందన్న నమ్మకం ఊపందుకుంది. రైతుల ఒత్తిడి పెరిగింది. 1874లో ఆ హద్దును ఎత్తేశారు. ఇక్కడ నాకు కొరుకుడుపడనిది ఒకటే: భూమి అమ్మేదీ ప్రభుత్వమే, ఏ భూమి మంచిదో చెప్పేదీ ప్రభుత్వమే. అమ్మకం సాగాలంటే ముందు ఆ రెండో నోరు మూయించాలి.

1878లో ఆ గీతకు బాగా ఉత్తరాన, గవర్నమెంట్ గమ్స్ అనే మజిలీ దగ్గర ఊరికి ప్లాన్ వేసి, పిండి అని అర్థం వచ్చే ఫరీనా పేరు పెట్టారు. నాలుగు వందలకు పైగా ప్లాట్లు గీశారు. అక్కడ పడే సగటు వాన 200 మిల్లీమీటర్లకు లోపే! అది అడ్న్యమతన్హా, కుయాని ప్రజలు తిరిగిన నేల. అక్కడ ఎన్నేళ్లకోసారి నీళ్లుంటాయో వాళ్లను అడిగినా తెలిసేది.

1880ల కరవుతో గోధుమ ఆశ పోయింది. దక్షిణాన గోర్డన్, విల్సన్ లాంటి ఊళ్లూ అలాగే ఖాళీ అయ్యాయి. ఫరీనా మాత్రం 1882లో వచ్చిన రైలు వల్ల నిలదొక్కుకుంది. రెండు హోటళ్లు, నేల కింద కట్టిన బేకరీ, కమ్మరి కొలిమిలు వెలిశాయి. రైలు దిగిన సరుకును ఒంటెల మీద లోపలికి చేరవేసింది అఫ్గానిస్థాన్, బలూచిస్థాన్, పంజాబ్‌ల నుంచి వచ్చినవాళ్లు. ఆ ఊరి శ్మశానంలో ముస్లింల సమాధులు వేరే వరసలో ఉన్నాయి. 1884కల్లా రైలు మారీ దాకా వెళ్లడంతో వ్యాపారమూ అటే జరిగింది. 1980లలో ఆ పట్టాలూ మూతపడ్డాయి.

ఇప్పుడు వాలంటీర్లు ఏటా శీతాకాలంలో ఆ బేకరీలోనే రొట్టెలు కాల్చి అమ్ముతూ గోడల మరమ్మతుకు డబ్బు కూడబెడుతున్నారు. మంచి పనే. అసలు టెన్షన్ మాత్రం గీతకు దక్షిణాన, ఇంకా గోధుమ పండిస్తున్న ఊళ్లలో ఉంది. వేడెక్కే వాతావరణంతో గోయ్డర్ హద్దు దక్షిణానికి జరగొచ్చని పరిశోధకులు హెచ్చరిస్తున్నారు. 1865లో ఉత్తరానికి వెళ్లొద్దని చెబితే సరిపోయింది. ఇప్పుడు నాలుగు తరాలుగా దున్నుతున్న చేనుకు ఆ మాట ఎవరు చెబుతారు, పంట అప్పులు ఎవరు భరిస్తారు అన్నది ఇంకా తేలలేదు.