పాత బండి, బాబాయ్ మీటరు, మేస్త్రీ చెయ్యి

పాత బండి జబ్బు ఇంట్లో మనమే కనిపెట్టుకోవాలా, మేస్త్రీకే వదిలెయ్యాలా? ఈ గొడవలో, ముందే చెప్పేస్తాను, నేను బాబాయ్ పక్షం. ఇద్దరూ కల్పితమే, కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట నిలబడితే ఇలాంటి జోడీ ఒకటైనా కనబడకపోదు. బాబాయ్ టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యాడు. 2007 వ్యాగనార్‌ని ఇంటి ముందు వేపచెట్టు కిందే విప్పి చూసుకుంటాడు. మేస్త్రీకి సొంత షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు. ఈ ఎండాకాలం బండికి రెండు జబ్బులు చేశాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటోంది, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతోంది.

మేస్త్రీ: మళ్లీ మీరే విప్పారా బాబాయ్ గారూ? బ్యాటరీ క్లాంపు మీద కొత్త గీతలు కనబడుతున్నాయి.

బాబాయ్: విప్పాను. విప్పబట్టే తెలిసింది. మొన్న ఇంకో షెడ్డుకి తీసుకెళ్తే బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. మళ్లీ అదే టక్. ఈసారి సెల్ఫ్ మోటార్ పోయిందన్నారు. అప్పుడింక నా మీటర్ బయటికి తీశా. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. మా వాణ్ణి సెల్ఫ్ కొట్టమని చూస్తే 11 దాకా దిగి అక్కడే ఆగింది. బ్యాటరీయే చచ్చిపోతే 9.6 కంటే కిందకి పడాలి కదా. మరి కరెంటు ఉంది, మోటార్ దాకా పోవట్లేదు, మధ్యలో ఎవరు తింటున్నారు? మీటర్ వైరు ఒకటి నెగెటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ మీద గీకిన ఇనుముకి ఆనించి మళ్లీ కొట్టమన్నా. అక్కడ సున్నాకి దగ్గరగా రావాలి, అర వోల్టు వచ్చిందంటేనే అనుమానించాలి. రెండు వోల్టులు దాటింది. ఎర్త్ వైరు! బోల్టు విప్పి చూస్తే దాని కింద పచ్చటి చిలుము. ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించి, కాస్త వ్యాజిలిన్ రాశా, అంతే. బ్యాటరీ డబ్బులు దండగ, సెల్ఫ్ మోటార్ డబ్బులు మిగిలాయి. ఇప్పుడు చెప్పు, ఇంట్లో విప్పొద్దంటావా?

మేస్త్రీ: ఆ వైరు నేనైనా చూసేవాణ్ణి.

బాబాయ్: నువ్వు చూసేవాడివేమో. వాళ్లు చూడలేదు.

మేస్త్రీ: మీకు దొరికింది కాబట్టి కథ చెబుతున్నారు. దొరకనివాళ్లు నా దగ్గరకి టోయింగ్ బండి మీద వస్తారు, వాళ్ల కథ మీకు తెలీదు. ఒకాయన యూట్యూబ్ చూసి స్పార్క్ ప్లగ్గులు మార్చుకున్నాడు. చేత్తో తిప్పి మర పట్టిందా లేదా చూడకుండా పానా వేసి బిగించాడు. ఇంజన్ పైనుండే హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఇనుము, ఏది అరుగుతుంది? మర మొత్తం పోయింది, హెడ్డు దించాల్సొచ్చింది. ప్లగ్గుల ఖర్చెంత, దానికయిందెంత! ఇంకొకాయన బండికి గుచ్చి ఫోన్‌లో తప్పుల కోడ్‌లు చూసుకునే బ్లూటూత్ డాంగిల్ కొన్నాడు, అది ఆక్సిజన్ సెన్సర్ కోడ్ చూపించిందని సెన్సర్ కొనేశాడు. తీరా చూస్తే ఇన్‌టేక్ దగ్గర రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తోంది. పాపం సెన్సర్ ఉన్నదున్నట్టు చెప్పింది, గాలి ఎక్కువైందని. చెప్పినవాణ్ణే ఉరి తీశాడు. అసలు మీ బండికి ఆ డాంగిల్ పని చేస్తుందన్న నమ్మకం కూడా లేదు, ఆ కోడ్‌లు బయటికి చెప్పే ఏర్పాటు, ఓబీడీ-2, మనదేశంలో తప్పనిసరి చేసింది 2013లో.

(ఇక్కడ మేస్త్రీ మాటకి తిరుగులేదు. కోడ్ అంటే ఫిర్యాదు మాత్రమే, దోషి పేరు కాదు. డాంగిల్ కొన్నవాళ్లలో సగంమందికి ఈ ముక్క ఎవరూ చెప్పరు.)

బాబాయ్: నేను ఆ డాంగిల్ జోలికి పోలేదుగా.

మేస్త్రీ: జాకీ జోలికి పోయారుగా. పోయిన ఏడు బండి కింద పడుకుని చూస్తుంటే నేనే చూశా. ఒక్క జాకీ, స్టాండ్ లేదు, వెనక చక్రానికి రాయి కూడా లేదు.

బాబాయ్: ...ఇప్పుడు స్టాండ్లు కొన్నాలే. సరే, బ్రేకులు నేను ముట్టను, బండి కింద పనీ ముట్టను. నేను మాట్లాడేది బానెట్ ఎత్తితే కనబడేదాని గురించి. రెండో జబ్బు విను. హైవే మీద గన్నవరం దాకా పోయినా టెంపరేచర్ సూది కింద గీత దగ్గరే పడుకుని ఉంటుంది. అదే బెంజి సర్కిల్‌లో రెండు సిగ్నళ్లు ఆగితే పైకి ఎగబాకుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. బండి నడుస్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఆగినప్పుడు మాత్రమే వేడెక్కుతోందంటే ముందు చూడాల్సింది ఫ్యాన్, రేడియేటర్ కాదు, వాటర్ పంపు కాదు. హెడ్ గాస్కెట్, అంటే హెడ్డు కింద సీలు, పోయిందంటారేమోనని అదీ చూశా. ఆయిల్ మూత కింద మజ్జిగలా తెల్లటి నురగ లేదు, పొగలో తెలుపు లేదు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావట్లేదు. ఇంక ఫ్యాన్ ప్లగ్గు పీకి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చా, గిర్రున తిరిగింది. మోటార్ మంచిదే. ఫ్యూజు మంచిదే. మిగిలింది రిలే, అదే ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు. పక్కనే హారన్‌దీ అదే నంబరు రిలే ఉంది, తీసి ఇక్కడ పెట్టా. ఫ్యాన్ వచ్చింది, హారన్ పోయింది. రోగం రిలేతోపాటే కదిలింది, ఇంకేం రుజువు కావాలి?

మేస్త్రీ: విజయవాడలో హారన్ లేకుండా నడిపారా?

బాబాయ్: రిలే కొట్టు దాకా. రెండొందలు కూడా కాలేదు.

మేస్త్రీ: బాగానే పట్టారు, కాదనను. నేనైతే ఫ్యాన్ డైరెక్ట్ చేసేవాణ్ణి. తాళం తిప్పితే ఫ్యాన్ తిరుగుతుంది, రిలే గొడవే ఉండదు. ఇంతకీ హైవే మీద సూది లేవట్లేదన్నారే, మీ బండికి థర్మోస్టాట్ లేదు. ఎవరో తీసేశారు. మొహమాటం లేకుండా చెబుతున్నా, ఈ వయసు బండ్లకి నేనూ తీసేస్తాను.

బాబాయ్: అదే, ఆ మాటకే నాకు ఒళ్లు మండుతుంది! కంపెనీవాడు ఊరికే పెట్టాడా అది? ఇంజన్‌కి చలి కూడా జబ్బే మేస్త్రీ. నీళ్లు 80 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేదాకా అవి రేడియేటర్‌లోకి పోకుండా ఆ వాల్వ్ మూసుకుని ఉంటుంది, ఇంజన్ తొందరగా వేడెక్కి తర్వాత ఆ వేడి దగ్గరే నిలబడాలని. పాత కార్బొరేటర్ బండికి చోక్ మనం లాగి మనమే తోసేవాళ్లం. ఇది ఎంపీఎఫ్ఐ, పెట్రోల్ ఎంత చిమ్మాలో కంప్యూటరే తేల్చే ఇంజన్, ఇక్కడ ఆ కంప్యూటర్ నీళ్ల సెన్సర్‌ని అడుగుతుంది, ఇంజన్ వేడెక్కిందా అని. ఇంకా లేదు అంటే పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. థర్మోస్టాట్ పీకేసిన బండిలో హైవే మీద ఎంత దూరం పోయినా ఆ జవాబు మారదు, ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే పొడి మసి, నల్లగా. ఇటుక రంగులో ఉండాల్సింది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీద నుంచి ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పలచబడుతుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి. లీటరుకి 15 ఇచ్చే బండి 11కి వచ్చింది. ఇదంతా ఎందుకు? ఫ్యాన్ రిలే చూడ్డానికి ఓపిక లేని ఎవడో వేడెక్కుతోందనగానే వాల్వ్ పీకి చేతిలో పెట్టాడు. కాదు, చేతిలో కూడా పెట్టలేదు, చెప్పనే లేదు.

మేస్త్రీ: అయిందా? ఇప్పుడు నేను చెప్పేది వినండి. మే నెలలో మన ఊళ్లో ఎండ 45 తాకుతుంది. మార్కెట్లో డూప్లికేట్ ఏది, ఒరిజినల్ ఏది అని డబ్బా చూసి చెప్పలేం. డూప్లికేట్ వాల్వ్ మూసుకుపోయి బిగుసుకుందనుకోండి, కస్టమర్ సూది చూడడు, ఏసీ వేసుకుని పాట వింటుంటాడు. హెడ్డు వంకరపోతుంది. అప్పుడు ఎవర్ని పట్టుకుంటాడు? నన్నే. తీసేస్తే మీకు పెట్రోల్ నష్టం, ఉంచితే ఇంజనే పోవచ్చు. చిన్న నష్టం ఎంచుకున్నాను, అందులో నా తప్పేంటి?

బాబాయ్: కొన్న థర్మోస్టాట్‌ని దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి స్టవ్ మీద పెడితే ఎప్పుడు తెరుచుకుంటోందో కళ్లతో చూడొచ్చు. థర్మామీటర్ పక్కన పెట్టు. తెరుచుకోకపోతే కొట్టువాడి మొహాన కొట్టి రా.

మేస్త్రీ: ఈరోజు తెరుచుకుంది సరే. రేపు బిగుసుకోదని మీ గిన్నె రాసిస్తుందా?

బాబాయ్: అలా అయితే రేపు ఏదైనా బిగుసుకోవచ్చు, బండి అమ్మేసి రిక్షా ఎక్కు. సూది చూసే అలవాటు చేసుకోవాలి గానీ...

మేస్త్రీ: పైగా మైలేజీ నష్టం మొత్తం నా థర్మోస్టాట్ నెత్తిన వేస్తున్నారు. ఈ20 పెట్రోల్ సంగతి ఎవరూ మాట్లాడరేం? వంద లీటర్లలో ఇరవై ఇథనాల్. నా షెడ్డుకొచ్చే ప్రతివాడూ మైలేజీ పడిపోయిందనే అంటున్నాడు.

బాబాయ్: లెక్క వేద్దాం. లీటరు ఇథనాల్లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తమ్మీద ఆరేడు శాతం తగ్గుతుంది. అంతకుముందూ పది శాతం కలిపే పోశారు కాబట్టి ఇప్పుడు కొత్తగా తగ్గింది మూడు, నాలుగు శాతం. నా బండికి పడింది పాతిక శాతం పైన. మిగతాది ఎవరు తిన్నారు?

మేస్త్రీ: రబ్బర్ల సంగతో? 2007లో మీ బండి చేసినవాడు ఇరవై శాతం ఇథనాల్ పోస్తారని కలగన్నాడా? పెట్రోల్ గొట్టాలు, ఓ-రింగులు, పంపు... ఇంజన్ దగ్గర పెట్రోల్ వాసన వస్తోందని వచ్చే పాత బండ్లు ఎక్కువయ్యాయి. అయినా ఇథనాల్ తీసే నూకలూ మొక్కజొన్నలూ తినడానికా, ట్యాంకులో పోయడానికా? కోళ్లఫారం వాళ్లని అడగండి, దాణా రేట్ల గురించి చెబుతారు.

బాబాయ్: పద్దెనిమిదేళ్లు దాటిన రబ్బరు ఏ పెట్రోల్ పోసినా పగులుతుందయ్యా. గొట్టం చూసి మార్చుకో, దానికి గవర్నమెంటునెందుకు తిట్టడం.

మేస్త్రీ: గవర్నమెంటుని తిట్టొద్దా! 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 చేసింది ఎవరు, నేనా?

(ఇక్కడ పావుగంట సేపు ఇద్దరూ ఒకే పార్టీలో చేరి ఆర్టీఓ ఆఫీసు మీద పడ్డారు. అది రాయను.)

బాబాయ్: అసలు విషయానికి వద్దాం. నేను నిన్ను పని మానెయ్యమనట్లేదు. రోగం కనిపెట్టడం వేరు, మందెయ్యడం వేరు. కనిపెట్టేది నేను ఇంట్లో చేసుకుంటా, చెయ్యి తిరిగిన పని నీకిస్తా. షెడ్లలో జరుగుతున్నదేంటంటే పార్టు మార్చి చూడ్డమే పరీక్ష. బ్యాటరీ వేసి చూద్దాం, తగ్గకపోతే సెల్ఫ్ వేసి చూద్దాం. ఆ చూడ్డం నా డబ్బుతో.

మేస్త్రీ: ఎందుకో చెప్పమంటారా? ఒక బండి వస్తుంది. నేనూ కుర్రాడూ గంటన్నర వెతుకుతాం. చివరికి వైరు వదులైందండీ, బిగించాం, మూడొందలివ్వండి అంటాం. "వైరు బిగించినందుకు మూడొందలా?" అంటారు. అదే మోటార్ మార్చాను, మూడు వేలు అనండి, కిక్కురుమనకుండా ఫోన్‌పే కొడతారు. పాత మోటార్ చూపించమంటారు, అంతే. వెతికినందుకు ఎవరూ ఇవ్వరు బాబాయ్ గారూ, వేసినందుకే ఇస్తారు. మా కుర్రాళ్లు వెతకడం ఎందుకు నేర్చుకుంటారు? అందులో కూలి లేదు. ఇప్పుడు మీరు వెతుక్కుని వచ్చి నాకు ఫిట్టింగ్ కూలి ఇస్తానంటున్నారు. మీరు చెప్పిన పార్టు వేశాక కూడా రోగం తగ్గకపోతే ఎవరి తప్పు? బిల్లు కట్టేటప్పుడు ఆ మాట గుర్తుంటుందా?

బాబాయ్: నేను చెప్పింది తప్పయితే నాదే తప్పు. కూలి పూర్తిగా ఇస్తా.

మేస్త్రీ: మీరిస్తారేమో. మిగతావాళ్లు నా పనితనం బాలేదని వీధంతా చెబుతారు.

బాబాయ్: సరే గానీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే కుడివైపు ముందు చక్రం దగ్గర టకటకమంటోంది. డ్రైవ్ షాఫ్ట్ జాయింటే అనుకుంటున్నా, దాని మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి కొట్టినట్టుంది. వంగి చూస్తే సరిగా కనబడట్లేదు.

మేస్త్రీ: లిఫ్ట్ మీద ఎక్కిస్తా. షాఫ్టు, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్షులు అన్నీ ఊపి చూసి చెబుతా. చూసినందుకు ఐదొందలు. పార్టు వేసినా, వేయకపోయినా.

బాబాయ్: ఊరికే చూడ్డానికి ఐదొందలా?

మేస్త్రీ: ...

బాబాయ్: నవ్వకు. నాలుగొందలు చేసుకో.