రక్తాన్ని కరెంటుతో ఉతకడం ఎలా?

బట్టలకు సబ్బు ఎలాగో రక్తానికి 27 వోల్టులు అలాగని కనిపెట్టిన మహానుభావులకు ముందుగా నమస్కారం. విధానం తేలికే. 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కలపాలి. ఉప్పునీళ్లలో తడిపిన దూది ప్యాడ్లు రెండింటినీ ఒకే మణికట్టు దగ్గర, నాడి కొట్టుకునే చోట కట్టాలి. సెకనుకు 4 సార్లు దిశ మారే కరెంటును రోజూ రెండు గంటలు పంపాలి. క్రిములన్నీ చస్తాయట.

ఇందులో తప్పేమీ లేదు. తప్పంతా ఓమ్ సూత్రానిదే: నిరోధం ఎంత పెరిగితే కరెంటు అంత తగ్గుతుంది. తడిపినా సరే చర్మం కొన్ని వేల ఓములు అడ్డుపెడుతుంది. దాటిన నాలుగు మిల్లీ ఆంపియర్లకూ కండ, కొవ్వు, సిరలు వాటాకొస్తాయి. ధమనికి దక్కిన పిసరంత కూడా ప్లాస్మాలోంచే, అంటే కణాల చుట్టూ ఉండే ద్రవంలోంచే జారిపోతుంది, ఎందుకంటే ఎర్ర కణం పొర మంచి ఇన్సులేటరు. ఆ పొరకు చిల్లు పడాలంటే సెంటీమీటరుకు సుమారు 2,000 వోల్టులు కావాలి. ప్యాడ్ల మధ్య 3 సెంటీమీటర్లుంటే, చర్మం ఏమీ మింగలేదనుకున్నా, మనకు వచ్చేది సెంటీమీటరుకు 9.

పోనీ వోల్టేజి పెంచుదామా? కణం ఎంత చిన్నదైతే దాని పొర మీద పడే వోల్టేజి అంత తక్కువ. ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) బాక్టీరియా కంటే ముందు 7 మైక్రాన్ల ఎర్ర కణాలే పగులుతాయి. వాటిలోని పొటాషియం గుండెను, హిమోగ్లోబిన్ కిడ్నీలను పలకరిస్తాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే, కాకపోతే ఇక్కడ ఇల్లు కాలాక కూడా ఎలుకలు మిగులుతాయి.

అన్నట్టు, ప్యాడ్లను చేతికొకటి చొప్పున కట్టకండి, దారి ఛాతీ మీదుగా పోతుంది. కరెంటు దిశ మారడం మానేసి ఒకే వైపు పారితే ఒక ప్యాడ్ కింద క్షారం, రెండోదాని కింద ఆమ్లం తయారై చర్మం కాలుతుంది. దాన్ని ‘విషం బయటికొస్తోంది’ అని చదువుకోవాలి.

రుజువు కావాలా? సూక్ష్మదర్శినిలో చూపిస్తారు. వైద్యానికి ముందు కణాలు నాణేల దొంతరల్లా అతుక్కుని ఉంటాయి, తర్వాత విడివిడిగా తేలుతుంటాయి. దొంతరలు కట్టించేది ఫైబ్రినోజెన్ వంటి ప్రోటీన్లు, చుక్క మందం, స్లైడు మీద గడిచిన సమయం. రెండో చుక్కను కాస్త పలచగా పరిస్తే బ్యాటరీ ఖర్చు కూడా మిగులుతుంది.

కరెంటుకూ రక్తానికీ నిజంగా పొత్తు కుదిరింది ల్యాబులో, 1953లో అమెరికా ఇంజనీరు వాలెస్ కౌల్టర్‌కు పేటెంటు దక్కిన పద్ధతితో. పలచన చేసిన రక్తం సన్నటి రంధ్రంలోంచి పోతుంటుంది. కణం అడ్డొచ్చినప్పుడల్లా నిరోధం పెరుగుతుంది, యంత్రం ‘ఒకటి’ అని లెక్కేసుకుంటుంది. కణం కరెంటును లోపలికి రానివ్వదు గనకే ఆ లెక్క కుదురుతోంది.