క్లౌడ్ బరస్ట్ సంగతి వాతావరణ శాఖకి ముందే తెలుసా?

హిమాలయాల్లో ఏదో ఒక ఊరు కొట్టుకుపోయిందని టీవీల్లో వచ్చిన రోజు, సాయంత్రానికల్లా ఆ ఫార్వర్డ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి గానీ సారం మాత్రం ఇదే: "లేహ్, కేదార్‌నాథ్, అమర్‌నాథ్, ధరాలీ... అన్నీ క్లౌడ్ బరస్ట్‌లే. పైన ఉపగ్రహాలు, కింద రాడార్లు, సూపర్ కంప్యూటర్లు ఉండగా ఏ ఊళ్లో ఎన్ని గంటలకి పడుతుందో తెలియదంటే నమ్మాలా? తెలిసీ దాచారు. అసలు గంటలో అంత వాన సహజంగా పడదు, శత్రుదేశాలు మేఘాలని పేలుస్తున్నాయి. యాత్రకి వెళ్లేవాళ్లు ఎవర్నీ నమ్మకండి, ఫోన్‌లో యాప్ చూసుకుని బయల్దేరండి."

పంపేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. చార్‌ధామ్‌కి టికెట్లు తీసుకున్న ఇంట్లో ఇది టెన్షన్ పెట్టడమే కాదు, తప్పుదారి కూడా పట్టిస్తుంది. అందుకని ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"అన్నీ క్లౌడ్ బరస్ట్‌లే"

కావు. భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, దీనికి ఒక కొలత పెట్టుకుంది. 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో గంటకి 100 మిల్లీమీటర్లు, ఆపైన వాన పడితేనే క్లౌడ్ బరస్ట్. ఫార్వర్డ్‌లోని పేర్లని ఈ కొలత పక్కన పెట్టి చూడండి.

2022 జులై 8 సాయంత్రం అమర్‌నాథ్ గుహ దగ్గర యాత్రికుల గుడారాలని వరద ఊడ్చుకుపోయింది. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా అక్కడి ఆటోమేటిక్ స్టేషన్‌లో నమోదైన వాన 31 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఆ మాత్రం వానకి ట్రాఫిక్ ఆగుతుందేమో గానీ, గుడారాలు కొట్టుకుపోవు. గుహకి పైనున్న కొండల మీద ఇంకా ఎక్కువ పడి, ఆ నీళ్లే కిందికి దూకి ఉంటాయని ఐఎండీ వివరణ.

కేదార్‌నాథ్ కథ మరీ వేరు. 2013 జూన్‌లో రుతుపవనాలు ముందే అక్కడికి చేరాయి. పడమటి నుంచి వచ్చిన వాన వ్యవస్థ, అంటే వెస్టర్న్ డిస్టర్బెన్స్, వాటికి తోడైంది. గుడి పైన చోరాబారీ హిమానీనదం దగ్గర హిమాలయాల మీద పరిశోధన చేసే వాడియా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల స్టేషన్‌లో 15 సాయంత్రం అయిదు నుంచి 16 సాయంత్రం అయిదు దాకా పడింది 325 మిల్లీమీటర్లు. చాలా పెద్ద వానే, కానీ సగటున గంటకి 14 మిల్లీమీటర్లు కూడా లేదు. విడవకుండా కురిసిన ఆ వానకి మంచు కరిగిన నీళ్లు కలిసి చోరాబారీ సరస్సు నిండింది. 17 పొద్దున దాని గట్టు తెగింది. వేల మందిని పొట్టన పెట్టుకున్నది ఒక గంట వాన కాదు.

అసలు వానతో పనే లేనివి కూడా ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో రిషిగంగ పొంగింది రోంతీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడటం వల్ల. 2023 అక్టోబర్‌లో సిక్కింలో తీస్తా మీది చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోతే మొదటి రోజు వార్తలన్నీ క్లౌడ్ బరస్ట్ అనే రాశాయి. తీరా చూస్తే పైనున్న సౌత్ లోనాక్ హిమసరస్సులోకి పక్క గట్టు జారిపడి, సరస్సు తెగింది. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లాలోని ధరాలీని బురద ముంచెత్తిన రోజున చుట్టుపక్కల స్టేషన్లలో పడింది తేలికపాటి వానే.

పేరు ఏదైతేనేం, జనం పోయారు కదా అంటారు. తేడా ఉంది. సౌత్ లోనాక్ ఏటేటా పెరుగుతోందనీ, తెగే ప్రమాదం ఉందనీ హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలు పదేళ్ల ముందే రాశారు. వానని ఆపలేం గానీ, పెరుగుతున్న సరస్సుని ఏళ్ల తరబడి చూస్తూ ఉండొచ్చు, నీళ్లు తగ్గించొచ్చు. అన్నిటికీ ఆకాశాన్నే అంటే ఆ పని చేయాల్సినవాళ్లని అడిగేవాడు ఉండడు.

"ఏ ఊళ్లో, ఎన్నింటికో తెలిసీ దాచారు"

ఈ మాట మనవాళ్లకి ఇంత తేలిగ్గా ఎక్కడానికి ఒక కారణం ఉంది. మనకి తుపానులు అలవాటు. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పారు, అలాగే దాటింది. మరి సముద్రంలో ఎక్కడో పుట్టినదాన్ని పట్టుకున్నవాళ్లు కొండ మీద మేఘాన్ని పట్టుకోలేరా అనిపించడం సహజం. కానీ తుపాను వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది, రోజుల తరబడి బతుకుతుంది, అడ్డం లేని సముద్రం మీద నడుస్తుంది. క్లౌడ్ బరస్ట్ తెచ్చే మేఘం అయిదారు కిలోమీటర్ల వెడల్పుంటే గొప్ప. గంటా రెండు గంటల్లో పుట్టి పెరిగి కురిసి పోతుంది. పొయ్యి మీద ఎసరు కాగుతోందని చెప్పొచ్చు గానీ, మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందో చెప్పలేం కదా.

సరే, ఉపగ్రహం? 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్‌నే తీసుకోండి. దాని ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్లు. అది చూసేది మేఘం నెత్తిని. పైభాగం ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తుకి ఎదిగిందని, వాన గట్టిగా పడుతోందని లెక్క కడతారు. కొండల్లో ఈ లెక్క తరచూ తప్పుతుంది. తేమగాలి వాలుకి కొట్టుకుని పైకి లేచినప్పుడు, మేఘం పెద్దగా ఎదగకుండానే కుమ్మరించగలదు. పై నుంచి చూస్తే అది మామూలు మబ్బు.

రాడార్? మచిలీపట్నం రాడార్‌కి ఎదురుగా సముద్రం, వందల కిలోమీటర్లు చూస్తుంది. అదే రాడార్‌ని కొండల మధ్య పెడితే మొదటి శిఖరం దగ్గరే కిరణం ఆగిపోతుంది, దాని వెనక లోయ మొత్తం గుడ్డిదే. పోనీ శిఖరం మీదే పెడదామంటే కిరణం లోయ మీదుగా పోతుంది, కింద ఏం కురుస్తోందో దానికి అందదు. అందుకే కొండల్లో తక్కువ దూరం చూసే చిన్న రాడార్లు ఎక్కువ సంఖ్యలో కావాలి.

ఫార్వర్డ్ రాసినవాళ్లకి ఇక్కడ ఒక న్యాయమైన ఫిర్యాదు చేతిలో ఉండి కూడా వదిలేసుకున్నారు. కేదార్‌నాథ్ విషాదం నాటికి ఉత్తరాఖండ్‌లో ఒక్క డాప్లర్ రాడార్ (వానని, గాలి కదలికని పట్టే రాడార్) కూడా లేదు. ముక్తేశ్వర్‌లో మొదటిది 2021 జనవరిలో గానీ మొదలవలేదు. ఏడున్నరేళ్లు! అడిగితే ఇది అడగాలి. దాచారనడం కాదు, చూసే కన్నే ఆలస్యంగా పెట్టారనాలి.

ఇక కింద కొలిచే సంగతి. ఆటోమేటిక్ స్టేషన్‌లో వర్షమాపకం చాలా చిన్న వస్తువు. జానెడు వెడల్పు గరాటా, దాని కింద తూగుడుబల్లలా అటూ ఇటూ ఒరిగే రెండు బుల్లి దొప్పలు. ఒక దొప్ప నిండితే ఒరిగి ఒలికిపోతుంది, రెండోది గరాటా కిందికి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందో అదే వాన లెక్క. కుంభవృష్టిలో దొప్ప ఒరిగే లోపే పడ్డ నీళ్లు కొన్ని లెక్కలోకి రావు. గాలి ఉధృతంగా ఉంటే చినుకులు గరాటా మీదుగా పక్కకి పోతాయి. పైగా వీటిని పెట్టేది మనిషి వెళ్లి బాగుచేసి రాగలిగిన చోట, అంటే ఎక్కువగా లోయల్లో. వాన దంచేది పైన గట్ల మీద.

దీనికి లేహ్‌ని మించిన ఉదాహరణ లేదు. 2010 ఆగస్టు 5 రాత్రి వరదకి 200 మందికి పైగా చనిపోయారు. లేహ్ ఎయిర్ ఫోర్స్ స్టేషన్‌లో నమోదైన వాన 12.8 మిల్లీమీటర్లు! అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని చోగ్లమ్‌సర్ బురదలో కూరుకుపోయింది. జరిగిపోయినదాన్నే కొలవలేకపోయిన చోట, జరగబోయేది ఊరి పేరుతో సహా తెలిసి దాచారంటే ఎలా నమ్మాలి?

మరి చెప్పగలిగేది ఏమిటి? రెండు మూడు రోజుల ముందు: ఫలానా జిల్లాలో భారీ నుంచి అతి భారీ వర్షాలు. మూడు గంటల లోపు: ఫలానా చోట ఉరుములతో గట్టి వాన, దీన్నే నౌకాస్ట్ అంటారు. మధ్యలో, 2020 నుంచి, దక్షిణాసియా ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్ అని ఒకటి నడుస్తోంది. నేల ఇప్పటికే ఎంత తడిసి ఉంది, ఇంకెంత పడితే వాగు పొంగుతుంది అని చిన్న చిన్న పరీవాహక ప్రాంతాల వారీగా ఆరు గంటలు, 24 గంటల ముందు హెచ్చరిస్తుంది. ఇవేవీ రహస్యం కాదు, ఎవరైనా చూడొచ్చు. చిక్కల్లా జిల్లా స్థాయి హెచ్చరికని వాగు ఒడ్డున ఉన్న మనిషి దాకా తీసుకెళ్లి, అతన్ని ఆ రాత్రికి అక్కణ్నుంచి లేపడంలో ఉంది.

వయనాడ్‌లో జరిగింది అదే. 2024 జులై 29న ఉన్నది ఆరెంజ్ అలర్ట్. రెడ్ అలర్ట్ కొండ విరిగాకే వచ్చిందని కేరళ ముఖ్యమంత్రి అన్నారు, ఆరెంజ్ అంటేనే కదలడానికి సిద్ధపడమని అర్థం కదా అని ఐఎండీ అంది. ఇద్దరి వాదనా పక్కన పెడితే, ఆ జిల్లాలో హ్యూమ్ సెంటర్ అనే సంస్థ సొంతంగా వందలాది వర్షమాపకాలు పెట్టుకుని వాన కొలుస్తోంది. ఎగువన పడుతున్నది చూసి, కొండచరియలు విరిగిపడొచ్చని వాళ్లు 29నే జిల్లా యంత్రాంగానికి చెప్పారు. 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల తుడిచిపెట్టుకుపోయాయి. సూపర్ కంప్యూటర్ లేకుండా, ఎక్కువ చోట్ల గరాటాలు పెట్టి చదవడంతోనే అంత దూరం చూడగలిగారు. ఖర్చు ఎక్కడ పెట్టాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

"సహజంగా పడదు, విదేశాల కుట్ర"

తెలుగునాట ఈ మాట ఊపందుకున్నది 2022 జులైలో. గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన మర్నాడు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అక్కడికి వెళ్లి, ఎంతవరకు నిజమో తెలియదంటూనే, ఇతర దేశాలవాళ్లు లేహ్‌లో, ఉత్తరాఖండ్‌లో, ఇప్పుడు గోదావరి మీద క్లౌడ్ బరస్ట్ చేస్తున్నారని అంటున్నారన్నారు. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. మహారాష్ట్ర నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా రోజుల తరబడి పడితే గానీ భద్రాచలంలో అంత నీరు రాదు. 1986లో 75 అడుగులు దాటినప్పుడు కుట్ర ఎవరిది?

ఇక మేఘాలని పేల్చడం. మేఘమథనం, అంటే మేఘాల్లో సిల్వర్ అయొడైడ్ లాంటి రసాయనం చల్లి వాన కురిపించాలని చూడటం, మనకి కొత్తేం కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2000 తర్వాత కొన్నేళ్లు చేసి చూశారు. ఎంత కురిసిందో రాయలసీమ రైతుని అడగండి. సిల్వర్ అయొడైడ్ మేఘంలో నీళ్లు పుట్టించదు, ఉన్న మేఘాన్ని కాస్త ముందుకి తోస్తుందంతే. లెక్క వేయండి: 20 చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్లు అంటే 20 లక్షల టన్నుల నీళ్లు. అంత నీటిని ఆవిరి రూపంలో బంగాళాఖాతం నుంచో అరేబియా సముద్రం నుంచో మోసుకొచ్చేవి రుతుపవనాలు, ఎత్తి పిండేది కొండ. విమానంలో పట్టే నాలుగు గొట్టాల పని కాదది. 1880 సెప్టెంబర్ 18న ఎడతెగని వానకి నైనిటాల్‌లో కొండ విరిగి 151 మంది చనిపోయారు. అప్పటికి విమానమే పుట్టలేదు.

"యాప్ చూసుకుని బయల్దేరండి"

నాలుగింటిలో అసలు ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే జనం నిజంగానే చేసేది ఇది. యాప్‌లో "కేదార్‌నాథ్, మధ్యాహ్నం 2 గంటలు, 9 డిగ్రీలు, వాన 20 శాతం" అని కనిపిస్తే అక్కడెవరో నిలబడి చూసి చెప్పినట్టు ఉంటుంది. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ నేలని గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తుంది; ఆ అంకె చాలావరకు అక్కణ్నుంచి వచ్చిందే. ప్రపంచమంతా లెక్కగట్టే మోడళ్లలో ఒక్కో గడి సుమారు పది కిలోమీటర్లు; మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025లో ఆరుకి దించింది. కేదార్‌నాథ్ గుడి ఉన్నది సుమారు 3,580 మీటర్ల ఎత్తున. వెనక కనిపించే కేదార్‌నాథ్ శిఖరం 6,940 మీటర్లు. మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా లేదు. ఆ రెండిటి ఉష్ణోగ్రతకే 20 డిగ్రీల తేడా ఉంటుంది. గడిలో గుడి, శిఖరం, లోయ అన్నీ కలిసిపోయి ఒకే ఎత్తు, ఒకే వాన. విజయవాడకి ఆ అంకె పనికొస్తుంది, గౌరీకుండ్ నడకదారికి కాదు.

పైగా మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా, పైనుంచి వాగు రావచ్చు. కాబట్టి ఊరి పేరు కొట్టి చూడటం కాదు, జిల్లా పేరుతో చూడాలి. కేదార్‌నాథ్‌కి రుద్రప్రయాగ్, బద్రీనాథ్‌కి చమోలీ, గంగోత్రి, యమునోత్రి రెండిటికీ ఉత్తరకాశీ. డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం వీటికి రోజూ రంగులతో హెచ్చరికలు ఇస్తుంది, నౌకాస్ట్ మూడు గంటలకోసారి మారుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల సచేత్ యాప్ ఉంటే మీరున్న చోటికి వచ్చిన హెచ్చరిక ఫోన్‌కే వస్తుంది. ఆరెంజ్ కనిపిస్తే ఆ పూట నడక మానుకుని, వాగుకి దూరంగా, ఎత్తున గది తీసుకోండి. హోటల్ అడ్వాన్స్ పోతుందేమో, పోనివ్వండి.