ఇంగ్హామ్‌లో నీళ్లు పట్టుకున్నవాళ్లు ఇంగ్హామ్‌లోనే రొట్టె కొనాలి

"మూడు రోజులు ఉన్నాం, ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు." మా మోటార్‌హోమ్ బృందంలో ఒకాయన ఈ మాటను ఏదో ఘనకార్యంలా చెప్పుకున్నాడు. సాయంత్రం అందరం కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. ఇద్దరు ముగ్గురు ఆయన్ను మెచ్చుకున్నారు కూడా. నేను నోరు మెదపలేదు. ఆ ఊరుకోవడం ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

ఇంగ్హామ్ ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో, టౌన్స్‌విల్ దాటాక 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న చెరకు ఊరు. 2025 జూలైలో బ్రిస్బేన్ నుంచి పదకొండు బండ్లలో వెళ్లాం. పడక, పొయ్యి, మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే ఉండే బండ్లు ఇవి. వీటితో వచ్చేవారికి ఆస్ట్రేలియాలో చాలా చిన్న ఊళ్లు ఒకటి రెండు రాత్రులు ఆగడానికి చోటు, మంచినీటి కుళాయి, మరుగుదొడ్డి డబ్బా పారబోసుకునే డంప్ పాయింట్ ఏర్పాటు చేస్తాయి. అలాంటి ఊళ్లకు ఇక్కడి మోటార్‌హోమ్ క్లబ్బు 'ఆర్‌వీ ఫ్రెండ్లీ టౌన్' (ఇలాంటి బండ్లకు అనుకూలమైన ఊరు) అనే గుర్తింపు ఇస్తుంది. ఊరివాళ్లు కోరుకునేది ఒక్కటే: వచ్చినవాళ్లు బజారులో నాలుగు వస్తువులు కొనాలని. ఎక్కడా బోర్డు పెట్టి అడగరు. అడగలేదు కదా అని మనవాళ్లు నగరంలోని సూపర్‌మార్కెట్‌లో ఫ్రిజ్ నింపుకుని దిగుతారు.

మేం వెళ్లింది చెరకు ఆడే కాలం. జూన్‌లో మొదలైతే సంవత్సరం చివరి దాకా మిల్లు రాత్రింబవళ్లు నడుస్తుంది. రోడ్డుకు అడ్డంగా సన్నటి పట్టాల మీద చెరకు రైలు వెళ్తుంటే బండి ఆపుకుని చూశాం. తెల్లవారుజామున కిటికీ తెరవగానే మడ్డి వాసన. నేను పుట్టింది అనకాపల్లిలో. బెల్లం పాకం తేరుకునే వేళ పొయ్యి దగ్గర నిలబడి పెరిగినదాన్ని. ఇంత దూరంలో ఆ వాసన తగిలేసరికి కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రమే ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. చెరకు రైతు. ఇప్పుడు అక్కడ కోతంతా యంత్రాలదే. అయినా మా కోసం చేత్తో కొట్టి నాలుగు గడలు తెచ్చాడు. కత్తి కోసం వెతుకుతుంటే నేను పళ్లతోనే పెచ్చు లాగి ఒలిచాను. ఆయన చూసి "మీది చెరకు ఊరే" అన్నాడు. ఆ ఊళ్లో విక్టోరియా మిల్లును కట్టిన కంపెనీయే ఫిజీలోనూ చెరకు మిల్లులు నడిపింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా ఫిజీకి వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ గడ నములుతున్నంతసేపూ వాళ్లే గుర్తొచ్చారు.

మర్నాడు ఇటాలియన్ సరుకుల కొట్టుకు వెళ్లాను. ఇటలీ నుంచి 1891లో చెరకు పనికి వచ్చినవారి వారసులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నారు. జున్ను తూస్తూనే కొట్టులో ఆవిడ ఫిబ్రవరి వరద గురించి చెప్పింది. తన ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెయ్యి పెట్టి చూపించింది. ఆ చెయ్యి సరిగ్గా ఆమె నడుము దగ్గర ఆగింది. ఆ వరదలో ఇద్దరు చనిపోయారు, ఒల్లేరా క్రీక్ వంతెన దెబ్బతిని టౌన్స్‌విల్ వైపు దారి తెగిపోయింది, కరెంటు రోజుల తరబడి లేదు. ఆరు నెలలు తిరక్కుండానే అదే ఊరు మనకు చోటు చూపించి కుళాయి తిప్పి ఇచ్చింది.

ఆ కుళాయి దగ్గరే, వెళ్లే రోజు పొద్దున, వేరే బండి మనిషి ఒకడు మరుగుదొడ్డి డబ్బాను కడుగుతూ కనిపించాడు. తాగే నీళ్ల కుళాయి మూతి డబ్బా లోపల పెట్టి మరీ కడిగాడు! డంప్ పాయింట్ దగ్గర కడగడానికి వేరే కుళాయి ఉంది. కాసేపటికి ఊరి పనివాడు వచ్చి, ఒక్క మాట అనకుండా, దాన్ని బ్లీచింగ్ నీళ్లతో తోమాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఉచితంగా చోటిస్తే తమ కడుపు కొట్టినట్టేనని డబ్బు తీసుకుని బండ్లకు చోటిచ్చే కారవాన్ పార్కులు నడిపేవాళ్లు గొడవ చేస్తుంటారు. వాళ్లు పన్నులు కడుతున్నారు, ఆ బాధ నిజమైనదే. అందుకని చోటు మూసేయమనడం మాత్రం తప్పు. అది మూసేస్తే బండ్లు ఆ ఊళ్లో ఆగకుండా నేరుగా పక్క ఊరికి పోతాయి. బేకరీకీ, పెట్రోలు బంకుకూ, ఇటాలియన్ కొట్టుకూ నష్టం. మా బండి వరకు మేం మొదటి రాత్రి డబ్బు కట్టి పార్కులోనే ఉన్నాం. బట్టలు ఉతుక్కున్నాం, వేడినీళ్ల స్నానం చేశాం. రెండూ చేయవచ్చు.

పింఛను మీద బతికేవాళ్లం, ఖర్చు పెట్టలేం అంటారు కొందరు. లక్ష డాలర్లకు పైబడిన బండిలో తిరుగుతూ ఈ మాట అనకండి. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఒక రొట్టె కొన్నా చాలు, ఊరివాళ్లు అంతకన్నా లెక్క అడగరు. 268 మీటర్ల ఎత్తు నుంచి దూకే వాలమన్ జలపాతాన్ని ఫోటో తీసి పెట్టినవాళ్లు, పెట్రోలు ఎక్కడ పోయించుకున్నారో కూడా రాయండి.

వచ్చే జూలైలో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ఇంగ్హామ్ చేరేదాకా ఫ్రిజ్‌లో పాలు, పెరుగు తప్ప ఏమీ ఉండవు. కొట్టులో ఆవిడకు అనకాపల్లి బెల్లం ఇద్దామనుకున్నాను.