డెప్త్ సౌండర్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ డెప్త్ సౌండర్ గారికి,

ధ్వని పంపి, ప్రతిధ్వని విని ఓడ కింద నీటి లోతు చెప్పే పరికరం మీరు. ఇకమీదట ప్రోబ్, అంటే మేం కేబుల్‌కు కట్టి నీటిలోకి వదిలే కొలత పరికరం, ఎంత లోతుకు దిగాలో చేత్తో టైప్ చేసే పని లేదట. మీరు చెప్పిన లోతునే, కేబుల్‌ను వదిలి చుట్టే వించ్ నేరుగా అందుకుంటుందట. శుభం. మీ మాట మీద వించ్‌కున్న నమ్మకం మాకూ ఉంటే ఈ ఉత్తరం రాసేవాళ్లం కాదు.

మీరు లోతు చెబుతూ పంపే డీబీటీ అనే సందేశంలో ఒకే లోతు మూడుసార్లు వస్తుంది: అడుగుల్లో, మీటర్లలో, ఫాదమ్‌లలో (ఫాదమ్ అంటే ఆరు అడుగులు). 100 మీటర్ల నీటిలో మొదటి గడి 328 అంటుంది. ప్రోగ్రామ్ రాసినవారు తొందరలో దాన్నే మీటర్లనుకుంటే, ప్రోబ్ బురదలో కూరుకున్నాక కూడా వించ్ లెక్కలో ఇంకా 228 మీటర్లు బాకీ ఉంటుంది. పైగా మీ కొలత ట్రాన్స్‌డ్యూసర్ (ఓడ అడుగున ధ్వని పంపి, వినే మీ భాగం) నుంచి, ప్రోబ్‌లోని ప్రెజర్ సెన్సర్ కొలత నీటి మట్టం నుంచి. ట్రాన్స్‌డ్యూసర్ 4 మీటర్లు మునిగి ఉంటే ఆ 4 కలపాలి. మరిచిపోతే ప్రోబ్ ముందే ఆగుతుంది, ఎవరికీ నష్టం లేదు, సముద్రపు అడుగున ఉన్న నీటి కొలతల కోసం వచ్చినవాళ్లకు తప్ప. ఆటుపోట్ల సవరణ మాత్రం చేసి పంపకండి. అది చార్టుకు, అంటే సముద్రపు పటానికి కావాలి, వించ్‌కు కాదు.

నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లని మీ లోపల ఎవరో పెట్టి పోయారు. చల్లటి నీటిలో అసలు సగటు 1480 అయితే, మీరు 1000 మీటర్లని ఢంకా బజాయించే చోట ఉన్నది 987. ఆ 13 మీటర్లు ఎవరి ఖాతాలో రాయమంటారు?

ట్రాన్స్‌డ్యూసర్ కింద బుడగలు చేరితే మీకు అడుగు కనిపించదు. ‘తెలియదు’ అనడానికి మీ వంశంలో కొందరికి నామోషీ, పాత అంకెనే వల్లిస్తారు. ఇంకొందరు నేలకూ నీటి పైభాగానికీ మధ్య రెండుసార్లు తిరిగొచ్చిన రెండో ప్రతిధ్వనిని పట్టుకుని 60 మీటర్లను 120 చేస్తారు. అలాంటిది 15 పింగుల్లో (మీరు పంపే ధ్వని దెబ్బల్లో) ఒక్కటి దూరినా సగటు 64కు ఎగబాకుతుంది. అంకెలను వరుసలో పెడితే నడుమ వచ్చే మధ్యస్థం 60 దగ్గరే ఉంటుంది. అందుకే మీ సగటును మేం నమ్మం.

ఇక అసలు గొడవ. ఓడ 10 నాట్లతో నడుస్తోంది, అంటే సెకనుకు 5 మీటర్లకు పైనే. సెకనుకు 3 మీటర్ల చొప్పున జారే ప్రోబ్ 90 మీటర్లు దిగేసరికి మీరు 150 మీటర్లు ముందుకెళ్లి అక్కడి లోతు చెబుతుంటారు. ముందు నడిచేవాడు లోతు చెబితే వెనకవాడు ఉన్నచోటే దూకినట్టు. ఓడ లోతు నీటి వైపు వెళ్తుంటే ప్రోబ్ దిగేకొద్దీ టార్గెట్ (వించ్ దాన్ని ఆపాల్సిన లోతు) పెరుగుతూ పోతుంది, ప్రోబ్ కింద నేల మాత్రం కదలదు. కాబట్టి ప్రతి లోతునూ దాని స్థానంతో సహా దాచుకుంటాం. ప్రోబ్ వదిలిన చోటు నుంచి ఓడ దాకా ఉన్న దారిలో అన్నిటికంటే తక్కువ లోతునే తీసుకుంటాం.

అది 80 మీటర్లు అనుకోండి. మునిగిన 4 కలిపితే 84. బ్రేక్ పట్టడానికి 2 సెకన్లు, అంటే 6 మీటర్ల జారుడు తీసేయాలి. ఆపైన 5 మీటర్లో, 5 శాతమో, ఏది ఎక్కువైతే అది భద్రతకు వదలాలి. టార్గెట్ 73. మీ నుంచి 5 సెకన్లు కొత్త అంకె రాకపోతే బ్రేకే. నేల ఎంత దూరంలో ఉందో చూసే, ప్రోబ్ మీది ఆల్టిమీటర్ ‘ఆగు’ అంటే మీ మాట చెల్లదు.

ఇట్లు,
కేబుల్ కొసన వేలాడేదాని బాగు కోరే వించ్ సిబ్బంది

తా.క. వించ్‌కు తాళం వేసి, ముందు ఒక ఏటవాలు సముద్రపు నేల మీదుగా ఓడను నడిపి మీ టార్గెట్లన్నీ లాగ్‌లో రాసుకుంటాం. ఎగుడుదిగుడు అంకెలు కనిపిస్తే చేత్తో టైప్ చేయడమే కొనసాగుతుంది.